బుసకొట్టే రాయి

రాయపూర్ అనే పేరులోనే రాయి ఉందని మా నాన్న సత్తిరాజు నమ్మకం. కాదని ఎవరు చెప్పినా వినేవాడు కాదు. సముద్రపొడ్డున ఉన్న బారువ నుంచి వచ్చి రైల్వే గ్యాంగులో పట్టాల పనికి కుదిరిన మనిషి, తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. రాయి ఎక్కడైనా రాయేనని కూడా ఆయనే అన్నాడు. ఆ మాట మా ఇంటిని తొమ్మిదేళ్లు పీడించింది.

మా అప్ప, అంటే మా అక్క, పోయినప్పుడు నేను చంకలో పిల్లని, అప్పకి ఎనిమిదేళ్లు. మూడు రోజుల జ్వరం. గుఢియారీ పేట అవతల, రైలుకట్ట కింద ఉన్న బీడులో పాతిపెట్టారు. పరాయి ఊరు, పరాయి భాష. పిల్లని ఎక్కడ పెట్టామో రేపు మనకే తెలియకుండా పోతుందని నాన్న భయపడ్డాడు. అక్కడే దొరికిన తెల్లటి పలకరాయి మీద ఉలితో 'గంగాభవాని' అని చెక్కి ఆ చోట పరిచాడు. మా ఊళ్లో ముత్తాత రుబ్బురోలు మీద చెక్కించుకున్న పేరు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఇదీ రాయే కదా అనుకున్నాడు.

నాకు ఊహ తెలిసేసరికే చివరి 'ని' కనపడటం లేదు.

మా అమ్మ పైడమ్మకి చదువు రాదు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం బిందెడు నీళ్లు, కొబ్బరిపీచు, చింతపండు, ఇటుకపొడి పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆ బీడుకి వెళ్లేది. ఇత్తడి సామాను తోమినట్టు ఆ రాయిని తోమేది. ఇంజన్ల మసీ, నాచూ వదిలి రాయి తెల్లగా తేలేది. చింతపండు పులుసు పడగానే మాత్రం అది సన్నగా బుస్సుమనేది. చిన్న చిన్న బుడగలు లేచేవి. అమ్మ చెయ్యి కాసేపు ఆగిపోయేది.

"దానికింకా కోపం తగ్గనేదు," అని మళ్లీ తోమేది. తోమడం అయ్యాక నా వైపు తిరిగేది. "సదువే గుంటా, ఏటుంది?"

ఒక ఏడు 'గంగాభ' అని చదివాను. ఇంకో ఏడు 'గంగా'. చదివిన ప్రతిసారీ అమ్మ ముఖం చూడలేక చచ్చేదాన్ని.

అప్ప పేరు అమ్మ నోటితో పలికేది కాదు. 'అది' అనేది, అంతే. ఎందుకో పక్కింటి తాయారమ్మత్త చెప్పింది. జ్వరం వచ్చిన రోజు పొద్దున అప్ప పాలగిన్నె ఒలకబోసిందట. అమ్మ ఒళ్లు మండి, "నీ పేరు సెరిగిపోనూ!" అని తిట్టిందట. మా వీధి ఆడవాళ్లు రోజుకి పదిసార్లు తిట్టే తిట్టే అది. అవన్నీ తగిలేట్టయితే మా వీధిలో ఒక్క పిల్లా మిగలదు. కానీ మూడో రోజుకి అప్ప లేదు. తరవాత రాతి మీది పేరూ చెరగడం మొదలైంది. అమ్మకి ఇంకేం సాక్ష్యం కావాలి?

నాకూ భయంగానే ఉండేది. నేను కట్టుకునేది అప్ప పరికిణీయే. వాన పడితే రైలుకట్ట మీంచి ఎర్రనీళ్లు బీడులోకి జారే చప్పుడు మా ఇంట్లోకి వినపడేది. అప్ప వేలితో తన పేరు తనే చెరుపుకుంటోందని దుప్పట్లో ముడుచుకునేదాన్ని.

ఆంధ్రరాష్ట్రం వచ్చిందని నాన్నా వాళ్లూ మిఠాయి పంచుకున్న ఏడు, వానలు వెనకబట్టేసరికి రాతి మీద 'గం' ఒక్కటే మిగిలింది. అదీ పోయిందంటే పిల్ల ఇంక రాతి దగ్గర ఉండదని, ఇంటికే వచ్చేస్తుందని తాయారమ్మత్త అంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, అమ్మతోనూ అనేసింది. ఆ మర్నాటి నుంచి అమ్మ శుక్రవారాలు చాలక రోజూ వెళ్లడం మొదలుపెట్టింది. అన్నం సయించక చిక్కి సగమైంది. ఇలాగే సాగితే అప్ప పక్కన ఇంకో రాయి పరవాల్సి వస్తుందని నాన్న ఏడ్చాడు.

ఆ రోజుల్లోనే మా తెలుగు బడిలో మల్లేశ్వరరావు మాస్టారు బల్ల మీద రెండు రాళ్లు పెట్టారు. ఒకటి రైలు పట్టాల కింద పోసే నల్లరాయి, ఒకటి ఊళ్లో దొరికే తెల్లరాయి.

"ఎండకి రాయి ఉబ్బుతుంది, చలికి ముడుచుకుంటుంది. అలా అలా బీటలిస్తుంది. ఆ బీటల్లోకి నీళ్లు దిగుతాయి, వేళ్లు దిగుతాయి. రాయి ఉన్నచోటే ఉండి గుల్లబారుతుంది. ఆ గుల్లనంతా వాననీళ్లు, గాలి ఎత్తుకుపోతాయి. ఒకడు కొట్టే కూలీ, ఒకడు మోసే కూలీ అనుకోండి. ఇద్దరికీ సెలవు లేదు. కొండలు అరిగేదీ, వాగులు లోతయ్యేదీ వీళ్ల వల్లే."

తరవాత నిమ్మచెక్క తీశారు. "వాననీరు గాలిలోంచీ, మట్టిలోంచీ కాస్త పులుపు పట్టుకుంటుంది. ఇంజను పొగ ఉన్నచోట ఇంకాస్త. మన నాలిక్కి తెలీదు కానీ ఈ సున్నపురాయికి తెలుస్తుంది."

నల్లరాయి మీద పిండారు. ఏమీ లేదు. తెల్లరాయి మీద పిండారు. బుస్సుమంది.

నేను కెవ్వుమన్నాను. పిల్లలంతా నవ్వారు.

"భయమెందుకే? రాయి కరుగుతోంది, అంతే. వాన ఏళ్ల తరబడి చేసే పని నిమ్మరసం ఇప్పుడే చేస్తోంది."

"చింతపండైతేనో, మాస్టారూ?"

"చింతపండైనా అంతే."

తిట్టు కాదని అమ్మకి చెప్పాలి. చెబితే, చెరిపింది నీ చేతులే అని కూడా చెప్పాలి. ఎలా చెప్పను? ఇంటికి వెళితే తలుపు గొళ్లెం పెట్టి ఉంది. పలక అరుగు మీద పడేసి బీడుకి పరిగెత్తాను.

అమ్మ అప్పటికే చింతపండు పిసుకుతోంది. వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

"ఒగ్గేయే అమ్మా! నీ తిట్టు కాదే, ఈ సింతపండే!"

"ఏటే? ఎర్రిగాని ఎత్తిందేటే నీకు?"

పక్కన పడి ఉన్న పేరులేని తెల్లరాయి ఒకటి తెచ్చి పులుసు పోశాను. బుస్సుమంది. కట్ట మీంచి నల్లరాయి తెచ్చి పోశాను. ఉలకలేదు, పలకలేదు. మాస్టారు చెప్పిందంతా ఏడుస్తూ, తడబడుతూ చెప్పాను. అమ్మ నమ్మలేదు. తనే లేచి ఇంకో రాయి తెచ్చింది, ఇంకోటి తెచ్చింది. బీడులో ఉన్న తెల్లరాళ్లన్నీ బుసకొట్టాయి.

"అయితే దానికి నా మీద కోపం నేదా?" అంది.

"నేదే."

"నా తిట్టు తగల్నేదా?"

"నేదమ్మా."

చింతపండు ముద్ద చేతిలోంచి జారిపోయింది. పీచుతో గీసుకుపోయిన తన అరచేతులు చాలాసేపు చూసుకుంది.

"నానే తోమీసినానన్నమాట," అంది చివరికి. "పోన్నే. తిట్టుకంటే నయం. సేతులైతే ఆపుకుంటాను."

అప్పుడు ఏడ్చింది. తొమ్మిదేళ్ల ఏడుపు. నేనూ ఏడ్చాను. కట్ట మీద గూడ్సుబండి వెళ్లిపోయేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

ముక్కు చీదుకుని అమ్మ అడిగింది. "మరి కరిగిపోయిన అచ్చరాలు ఏటైపోనాయి?"

"నీళ్లతో పోతాయట. ఈ బీడు పక్క కాలవలోంచి ఖారూన్ నదికి, అక్కణ్నించి మహానదికి, ఆ తరవాత సముద్రానికి."

"మన బారువ సముద్రమేనేటే?"

"సముద్రం అంతా ఒకటేనంట."

అమ్మ లేచి రాతి మీది పులుసంతా పోయేలా బిందెలో నీళ్లు మెల్లగా పోసింది. 'గం' పలచగా మెరిసింది. నీళ్లు రాతి అంచు దాటి, ఎర్రమట్టిలో దారి చేసుకుని కాలవ వైపు సాగాయి. అమ్మ వాటి పక్కనే నాలుగడుగులు నడిచి ఆగింది.

"నెమ్మదిగా ఎల్లు, గంగాభవానీ," అంది.

అప్ప పేరు అమ్మ నోట వినడం నాకదే మొదటిసారి.