నేను తీసేయమన్న పదం

సాయంత్రం ఐదింటికల్లా మా చెల్లెలు సర్జన్‌కి ఔనో కాదో చెప్పాలి. కాన్సర్ వచ్చిన స్వరపేటికను తీసేస్తారట. ఆ తర్వాత మాట్లాడగలనా అని దాని బెంగ. అది బతికుంటే చాలని నా బెంగ. ఇద్దరం ఆసుపత్రి లైబ్రరీలో కంప్యూటర్ ముందు కూర్చున్నాం.

వైద్య వ్యాసాలు వెతికే చోట నేను ఉత్తరంలా రాశాను: "అయ్యా, ఆపరేషనయ్యాక మా చెల్లెలు మాట్లాడుతుందా, దయచేసి తెలుపగలరు." ఫలితాలు సున్నా.

"దానికి అయ్యా ఏమిటక్కా? కాళ్ళు కూడా పట్టుకుంటావా?" చెల్లెలు బొంగురుగా నవ్వింది.

లైబ్రేరియన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ముఖ్యమైన పదాలే వేయండమ్మా. ఒకే అర్థమున్న పదాల మధ్య 'ఆర్'. వేరే సంగతి చేర్చాలంటే 'అండ్'. వద్దనుకున్నదాని ముందు 'నాట్'."

'స్వరపేటిక తొలగింపు అండ్ మాట' అని వేశాను. ఎనిమిది వేల వ్యాసాలు వచ్చాయి. 'అండ్ ఏడాది తర్వాత' అని చేరిస్తే ఆరు వందలయ్యాయి. నాకు తికమకగా ఉంది. ఎంత చెప్పుకుంటే అంత సాయం దొరుకుతుందనుకున్నాను. ఇక్కడ చెప్పేకొద్దీ ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతున్నారు. 'ఆర్' పెడితే మళ్ళీ పోగవుతున్నారు. ఇదేం లెక్కో!

ఫోనొచ్చి లైబ్రేరియన్ బయటికి వెళ్ళగానే నేను ఇంకొకటి చేర్చాను. పదకొండు మిగిలాయి. అన్నీ గొంతులో పెట్టే గొట్టాలు కడగడం గురించీ, మాట పలికించే యంత్రాల పరీక్షల గురించీ. మనుషుల ఊసే లేదు.

"అంటే ఎవరూ మాట్లాడలేదన్నమాట. వద్దని చెప్పేస్తాలే," అని చెల్లెలు లేచింది.

అప్పుడే తిరిగొచ్చిన లైబ్రేరియన్ తెర వైపు వంగింది. "'నాట్ మరణం' ఎవరు పెట్టారు?"

"నేనేనమ్మా. అమ్మనీ, మా ఆయన్నీ, మా అన్నయ్యనీ సాగనంపినదాన్ని. దీని ముందు ఆ మాట ఎలా ఉంచను?"

"రోగుల మీద రాసే వ్యాసాల్లో ఎంతమంది పోయారో కూడా రాస్తారండీ. ఆ పదమున్నవన్నీ వద్దంటే, మాట్లాడినవాళ్ళ కబురు కూడా వాటితోపాటే పోయింది."

చెల్లెలే నా చెయ్యి పక్కకు తోసి, ఆ పదం చెరిపేసింది. ఆరు వందలూ తిరిగొచ్చాయి. మూడో వ్యాసంలో దొరికింది. నేను పైకి చదివాను: "ఏడాది తర్వాత సగానికి పైగా ఫోన్లో మాట్లాడుతున్నారు."

"పై వాక్యం మింగేశావు. చదువు."

"ఏడాదిలోపు నూరుమందిలో తొమ్మిదిమంది మరణించారు."

చెల్లెలు ఆ వాక్యం తనే మరోసారి చదువుకుంది. "సరే, చేయించుకుంటాను. కొన్నాళ్ళు నా నోరు మూతపడితే నీకూ హాయి," అని సంచి తీసుకుంది.

దాని వెంట బయలుదేరాను. సర్జన్ గది ఎటో తెలిసి కూడా రెండుసార్లు తప్పు వైపు తిరిగాను.