నలభయ్యో మాట

నేను ఒక జంపఖానాని. పన్నెండడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు. ఎర్రచార, నీలంచార, మళ్లీ ఎర్రచార. చదువంటారా, అక్షరమ్ముక్క రాదు. కాకపోతే నలుగురి కిందా పడి ఉన్నదాన్ని, విన్నది మరిచిపోయే రకాన్ని కాదు. మీకు తీరికుంటే వచ్చి కూర్చోండి. కూర్చోబెట్టుకోవడం ఒక్కటే నాకొచ్చిన విద్య.

పుట్టింది వరంగల్లు కొత్తవాడలో, కొమురయ్య మగ్గం మీద. పోగు దాటించడం, ఇనప పంజాతో దబదబా మోదడం, మళ్లీ పోగు, మళ్లీ మోత. పక్కన ఆయన భార్య కండెలు చుట్టుకుంటూ, "గట్టిగ కొట్టయ్యా, పదిమంది కూసునేది" అనేది. నేను ఈ లోకంలో మొట్టమొదట విన్న మాట అదే. అప్పట్నుంచి నాకొక ఆశ పట్టుకుంది, నా మీద ఎప్పుడూ పదిమంది ఉండాలని.

ఆ ఆశ కొన్నాళ్లు తీరింది కూడాను. గుడివాడలో బాపినీడు సప్లై కంపెనీ పెట్టి, షామియానాలతోపాటు నన్నూ కొనుక్కొచ్చాడు. పెళ్లిళ్లకి వెళ్లాను, చావులకి వెళ్లాను, చీట్లపేకకి వెళ్లాను. పెళ్లిలో నా మీద కూర్చుని పప్పులో ఉప్పు లేదని మూతి తిప్పినవాళ్లే, చావింట్లో అదే చోట కూర్చుని పోయినాయన బంగారమన్నారు. అప్పుడే తెలిసింది నాకు, మనుషులకి అన్నీ వచ్చుగానీ కూర్చోవడం రాదని. పెళ్లిలో కూర్చుని బస్సు వేళ తలుచుకుంటారు, బస్సులో కూర్చుని పెళ్లి తలుచుకుంటారు. ఒక్కడంటే ఒక్కడు నా మీద పూర్తిగా కూర్చున్నవాడు లేడు.

ఆడపిల్లల హైస్కూలు వార్షికోత్సవానికి వెళ్లినప్పుడు దీపం ఒరిగి నా మూల ఒకటి కాలింది. బాపినీడు చూసి, "ఇదిక పనికిరాదండీ" అన్నాడు. ఆ సభ పెత్తనం సంస్కృతం పంతులమ్మ సుభాషిణి టీచరుది. ఆవిడ ఎవరి మీదా నెట్టకుండా బాపినీడుకి కొత్త జంపఖానా తెప్పించి ఇచ్చి, నన్ను ఇంటికి తీసుకుపోయింది. తీసుకుపోయి బీరువా వెనక చుట్టి నిలబెట్టింది. పెళ్లి చేసుకోని మనిషి. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లు అడిగి అడిగి వాళ్లే ముసలివాళ్లయిపోయారు. ఇంటికి చుట్టమొచ్చినా కుర్చీ ఒకటి సరిపోయేది. ఇక పన్నెండడుగుల దానితో ఏం పని? పద్దెనిమిదేళ్లు అలాగే నిలబడ్డాను. ఎలుక ఒకటి నాలోనే పురుడు పోసుకుంది. మాట కలిసిన ప్రాణి ఆ పద్దెనిమిదేళ్లలో అదొక్కటే.

టీచరు రిటైరయింది. రిటైరయిన రెండో ఏడు ఒక పొద్దున నన్ను లాగి, దులిపి, ముందుగదిలో పొడుగ్గా పరిచింది. వీధిలో ఆడవాళ్లని పిలిచి యోగం చెబుతుందట. ఎప్పుడో శిబిరానికి వెళ్లి ఆసనాలు నేర్చుకుంది. సంస్కృతం ఎటూ ఉంది. ఆవిడ పెట్టిన షరతొకటే. మాటకి అర్థం తెలియకుండా ఒళ్లు వంచకూడదు. నలభై మాటలు కాగితం మీద రాసుకుంది. ఒక మాట ఒంటికి పట్టాకే రెండో మాట.

మొదటిరోజు ఆరుగురు వచ్చారు. నాంచారమ్మగారు అందరికన్నా పెద్దది, తలారా నీళ్లు పోసుకుని, తమలపాకులో పసుపు అక్షింతలు పట్టుకుని మరీ వచ్చింది.

"ఇవెందుకండీ?" అంది టీచరు.

"కథ వినేటప్పుడు చేతిలో అక్షింతలు లేకపోతే ఫలమేదండీ? నలభై రోజుల నోమని సామ్రాజ్యం చెప్పింది."

సామ్రాజ్యం ఇంటి అరుగు మీద ఇడ్లీలు వేసి అమ్ముతుంది. గయ్యిమంది. "నేను నోమన్నానా పిన్నిగారూ? నలభై మాటలన్నాను. పొద్దున్నే స్నానం చేసి, ఖాళీ కడుపుతో వెళ్లి, నలభై మాటలు వినేదాన్ని మరి నోమనక ఏమంటారంట?"

"మాకూ రోజా ఉంటుందిగా, అలాంటిదే అయ్యుంటుంది" అని సర్దింది మస్తాన్‌బీ. ఆవిడ జాకెట్లు కుడుతుంది.

టీచరు కాదని చెప్పబోయింది. నోరు తెరిచింది కూడా. ఈలోగా సామ్రాజ్యం, "నోమైతే ఒక్కరోజు మానకుండా వస్తామండీ. వ్యాయామమంటే మా ఆయన రెండోరోజే వెక్కిరిస్తాడు, నేను మూడోరోజే మానేస్తాను" అంది.

టీచరు తెరిచిన నోరు మూసుకుంది. నేను చూశాను.

ఆరుగురికీ నా మీద ఆరు చోట్లు ఏర్పడ్డాయి. టీచరు ఎదురుగా పీట మీద. తలా నాలుగు అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని మాట వినడం, విన్నాక నెత్తిన వేసుకోవడం, ఆ తర్వాతే ఒళ్లు వంచడం.

మొదటి మాట యోగం. "యోగమంటే కలపడం. రెండెడ్లని ఒక కాడికి కట్టినట్టు మనసునీ ఒంటినీ ఒకచోట కట్టడం" అంది టీచరు.

"మా ఇంట్లోనూ కాడి ఉందండీ. యాభై ఏళ్ల నుంచీ ఆయన తూర్పుకి, నేను పడమరకి" అంది నాంచారమ్మగారు. ఆ నవ్వుకి నేను కూడా కదిలాననుకుంటాను.

ప్రాణాయామమంటే ఊపిరిని పొడిగించడమని విన్నారు. అపరిగ్రహమంటే అవసరానికి మించి దగ్గర పెట్టుకోకపోవడమని విని మస్తాన్‌బీ, "నేను మిగిలిన గుడ్డంతా తిరిగి ఇచ్చేస్తానండీ, జానెడు ముక్క తప్ప" అంది. "ఆ జానెడు దగ్గరే ఉందమ్మా కష్టమంతా" అంది టీచరు. ధ్యానమంటే నూనెధార తెగకుండా పడినట్టు తలపు ఒకేచోట పడుతూ ఉండడమన్నప్పుడు సామ్రాజ్యం నూనె వంచినట్టు చెయ్యి వంచి చూసుకుంది. "అవునండీ, సన్నగా వంచితే నూనె చప్పుడే చెయ్యదు" అంది. శవాసనంలో మాత్రం నాంచారమ్మగారు గురకపెట్టేది. ఒంట్లో ఒక్క బిగువైనా మిగలకుండా వదిలెయ్యడం దాని అర్థమైతే, ఆవిడని మించి సాధించినవాళ్లు లేరు.

ఇన్నేళ్లకి నా మీద మనుషులు పూర్తిగా కూర్చున్నారు. పదిమంది కాకపోతేనేం.

ఎండ గుమ్మంలోకి వచ్చేసరికి ధనియాల కషాయం తాగి వెళ్లిపోయేవాళ్లు. అప్పుడు టీచరు నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, నా నేతలో ఇరుక్కున్న అక్షింతలు ఒక్కొక్కటే ఏరేది. చీపురుతో ఒక్క ఊపు ఊపితే పోతాయి. ఊడ్చేది కాదు. ఒక్కో గింజా గోటితో తీసి గిన్నెలో వేస్తూ, ఎవరేమన్నారో తనలో తాను అనుకుని నవ్వుకునేది. అలా ఒక గంట గడిచేది. ఆ తర్వాత మర్నాటిదాకా ఆ ఇంట్లో మాట్లాడేది గోడగడియారమే.

ముప్ఫయి దాటాక మాటలు నడక తగ్గించాయి. ధారణ వారం పట్టింది. వైరాగ్యం రెండు వారాలు. ముప్ఫైతొమ్మిదో మాట అయ్యాక టీచరు, "ఒకసారి మొదట్నుంచి మననం చేసుకుందాం" అంది. సరేనన్నారు. అది అయ్యాక, "కొన్ని సరిగా పట్టినట్టు లేవు, ఇంకోసారి" అంది. నోము పట్టినవాళ్లు మధ్యలో మానరు, అది ఆవిడకి తెలుసు. నోము అయిపోతే ఉద్యాపన చేసుకుని లేచిపోతారు, అదీ తెలుసు. మధ్యాహ్నాలు ఆ కాగితం ముందేసుకుని కూర్చునేది. ముప్ఫైతొమ్మిది మాటల పక్కన టిక్కు, ఆఖరిదాని పక్కన ఖాళీ. నాకు చదవడం రాకపోయినా ఖాళీ తెలుస్తుంది. అలా మూడు నెలలు.

ఒకరోజు టీచరు వంటింట్లో కషాయం వడగడుతోంది. నా ముడతలు లాగి సర్దడానికి సామ్రాజ్యం ఒక కొస, మస్తాన్‌బీ ఒక కొస పట్టుకున్నారు. సామ్రాజ్యం కొస వదిలేసి నా మీదే కూలబడి కళ్లొత్తుకుంది.

"ఏమైందే?"

"బస్టాండు దగ్గర ఇడ్లీ బండి పెట్టుకోమని చోటు చూపించారక్కా. తెల్లారి నాలుగింటికల్లా అక్కడుండాలి. శ్రావణం నుంచి రేపు మాపు అంటున్నాను. కార్తీకం మొదలయ్యేలోగా రాకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తారంట."

"వెళ్లు మరి! ఇంకా చూస్తావేం?"

"నోము సగంలో వదిలేసి వెళ్తే ఆ బండి నిలుస్తుందా? మా అమ్మ ఒక నోము మధ్యలో వదిలేసింది. ఆ ఏడే మా నాన్న పోయాడు. ఆ ఒక్క మాటా చెప్పేస్తే టీచరుగారి సొమ్మేం పోతుందక్కా? అడుగుదామంటే నోరు రాదు, చదువుకున్నావిడ."

వంటింట్లో కషాయం గిన్నె చప్పుడు ఆగిపోయింది. చాలాసేపటికి టీచరు గ్లాసులు తెచ్చింది. ఆవేళ కషాయం చల్లారిపోయిందని నాంచారమ్మగారు సణిగింది.

ఆ రోజు టీచరు అక్షింతలు ఏరలేదు.

మర్నాడు ఆరుగురూ గుప్పిళ్లు మూసుకుని కూర్చున్నాక చెప్పింది. "ఇవాళ నలభయ్యో మాట. కైవల్యం."

సామ్రాజ్యం చోటు కింద నా పోగులు బిగిశాయి.

"కేవలం అంటే మీకు తెలుసు. కేవలంగా ఉండడం కైవల్యం. ఏదీ అంటకుండా, ఎవరి ఆసరా అక్కర్లేకుండా, తనలో తాను ఒక్కటిగా మిగలడం. అక్కడితో యోగం పూర్తయినట్టు."

నాంచారమ్మగారు ఊరుకుంటుందా! "ఇదేం నోమమ్మా! మొదటి మాట కలవడం, ఆఖరి మాట ఒంటరి కావడమూనా? దీనికోసమా ఇన్నాళ్లూ నా మోకాళ్లు అరగదీశారు?"

"పుస్తకాల ప్రకారం అన్నిటికన్నా పెద్ద ఫలం అదేనండీ."

"మీకు దక్కిందా టీచరమ్మగారూ?" అంది మస్తాన్‌బీ. ఎకసెక్కం కాదు, తెలుసుకుందామనే అడిగింది.

టీచరు పీట అంచు పట్టుకుంది. "లేదమ్మా. దక్కితే ఈ మాట మూడు నెలలు దాచుకునేదాన్ని కాదు. ఇది నోము కాదు. మొదటిరోజే చెప్పాల్సింది, చెప్పలేదు. నోమనుకుంటే మానరని ఊరుకున్నాను. అయిపోతే మరి రారని సాగదీశాను. సత్యమని మీకు రెండో నెలలో పాఠం చెప్పినదాన్ని నేనే."

ఒకావిడ గుప్పిట్లోంచి గింజలు జారి నా మీద పడ్డాయి.

సామ్రాజ్యం ముఖం ఎర్రబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టడానికి హక్కూ ఉంది. కానీ టీచరు వంక చూసి, "అడిగితే వచ్చేదాన్నిగా టీచరుగారూ, ఊరికే" అంది.

"రోజూనా?"

సామ్రాజ్యం తల వంచుకుంది. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి.

నాంచారమ్మగారే తెమిల్చింది. "నోమో కాదో ఆ దేవుడికి తెలుసు. మేం పట్టాం, తీర్చుకుంటాం. శుక్రవారం ఉద్యాపన. శనగలు నానబోసుకు రండే!"

శుక్రవారం నా మీద పెద్ద సందడి. ఆరుగురూ ఆరు వాయనాలు తెచ్చారు. నానిన శనగలు, తాంబూలం, అరటిపళ్లు. ఒక్కొక్కరే కొంగు కప్పి పళ్లెం చాచడం, "ఇస్తినమ్మ వాయనం" అనడం, టీచరు కొంగు పట్టి "పుచ్చుకుంటినమ్మ వాయనం" అనడం. మస్తాన్‌బీకి ఆ పలుకులు నాంచారమ్మగారు పక్కన నిలబడి అందించింది. ఆఖరున సామ్రాజ్యం వచ్చింది. "ఇస్తినమ్మ వాయనం" అంది. టీచరు కొంగు పట్టుకుని ఆవిడ ముఖం వంకే చూస్తోంది. సామ్రాజ్యం మళ్లీ అంది. ఇంకోసారి అంది. మూడోసారికి తలాడించి పుచ్చుకుంది. అందరూ కాళ్లకి దణ్ణం పెట్టి, అక్షింతలు వేయించుకుని వెళ్లిపోయారు.

ఒక్క మనిషి ఉండే ఇంటికి ఆరు వాయనాల శనగలు! నాలుగురోజులు అవే తాలింపు వేసుకు తిన్నది.

ఉద్యాపన మర్నాడు తెల్లవారుజామునే లేచి, అలవాటు కొద్దీ నన్ను ఈ గోడ నుంచి ఆ గోడదాకా పరిచింది. పీట మీద కళ్లు మూసుకు కూర్చుంది. వీధిలో చెప్పుల చప్పుడైతే కళ్లు తెరిచేది. పాలవాడు. కాసేపటికి మళ్లీ తెరిచేది. రెండోరోజూ అంతే, పదోరోజూ అంతే. తప్పు ఎవరిదంటాం? సామ్రాజ్యం బండికి నాలుగింటికల్లా జనమట. మస్తాన్‌బీ ఎప్పుడైనా వీధిలోంచి "బాగున్నారా టీచరమ్మగారూ" అని కేకేసి పోయేది. "బాగున్నానమ్మా" అని ఈవిడ లోపల్నుంచే అనేది. నాంచారమ్మగారు ఒకసారి క్షీరాబ్ది ద్వాదశి ప్రసాదం తెచ్చింది. గుమ్మంలోనే ఇచ్చి, అల్లుడొచ్చాడని తొందరగా వెళ్లింది. నన్ను తొక్కనైనా తొక్కలేదు.

నేనున్నానమ్మా, అందామంటే నాకు నోరేదీ? ఉన్నా, జంపఖానాని మనిషి కింద ఎవరు లెక్కేస్తారు?

పుష్యమాసం చలిలో ఒక పొద్దున టీచరు పీట తీసి గోడవార పెట్టేసింది. వంగి నన్ను రెండు చేతులా పట్టుకుని ఆ కొస తెచ్చి ఈ కొస మీద వేసింది. మళ్లీ సగానికి మడిచింది. నాలుగు మడతలయ్యాను. అరచేత్తో సాపు చేసి, ఎన్నడూ నా మీద కూర్చోని మనిషి, వచ్చి నా నడిమధ్యన కాళ్లు మడుచుకు కూర్చుంది.

ఆ మడతలో నాంచారమ్మగారి చోటు మీద మస్తాన్‌బీ చోటు పడింది. దానిమీద సామ్రాజ్యం చోటు. ఆరు చోట్లూ ఒకదాని కింద ఒకటి సర్దుకుని ఆవిడ కింద ఉన్నాయి. వీధిలో చెప్పుల చప్పుడైంది. ఆవిడ కళ్లు తెరవలేదు.