జేబులు తడిమే పని

చొక్కా జేబులు తడమకుండా నేను దేన్నీ వాషింగ్ మెషీన్‌లో వెయ్యను. మా అత్తయ్యకి అది నచ్చదు. మొగుడి జేబులు వెతికే ఆడదాన్ని ఇక్కడే చూస్తున్నానని పెళ్ళయిన కొత్తలోనే అనేసింది. అక్కడికి ఆయన జేబుల్లో నిధులున్నట్టు! ఒకసారి ఒంట్లో బాగాలేక చూడలేదు. పెన్ను సిరా కక్కి బట్టలన్నీ పాడయ్యాయి. చూసుకోవద్దూ అన్నారు మావారు. పెన్ను ఎవరిదని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆఫీసులోనూ నాది ఇంచుమించు అదే పని. మా వాళ్ళు రాసిన ప్రోగ్రామంతా కలిసి ఒక ఫైలుగా తయారై జనం ఫోన్లలోకి వెళ్తుంది. వెళ్ళేముందు దాన్ని విప్పి, పరీక్షల కోసం పెట్టుకున్న సర్వర్ అడ్రసులూ పాస్‌వర్డులూ లోపల మిగిలిపోయాయేమోనని వెతుకుతాను. ఇది నీ పని అని ఎవరూ చెప్పలేదు. మొదట్లో ఒకటి కనబడితే చప్పుడు చెయ్యకుండా సరిచేశాను, అంతే, మెడకి చుట్టుకుంది. నేను పట్టుకున్నవి ఎవరికీ తెలియవు. తప్పించుకుపోయిన దానికి మాత్రం అందరికీ నేనే గుర్తొస్తాను. అత్తయ్య ఆపరేషన్‌కని సెలవు పెట్టినప్పుడు ఒకటి అలాగే జారిపోయింది. అజాగ్రత్త అని టీమ్ లీడర్ నా రిపోర్టులో రాశాడు, నా ప్రమోషన్ ఆగిపోయింది.

ఇవాళ ఆసుపత్రి యాప్ విడుదల. రోగులు డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకునేది. సాయంత్రం ఫైలు విప్పి చూస్తే, ఆసుపత్రి సర్వర్ అడ్రసు ఉండాల్సిన చోట లీడర్ సొంత లాప్‌టాప్ అడ్రసు ఉంది. ఆఫీసు మెషీన్ మీద తయారు చెయ్యాల్సింది, త్వరగా తెమిలిపోతుందని తన లాప్‌టాప్ మీదే కానిచ్చేశాడు. ఇదే వెళ్ళిపోతే రోగులు ఎన్నిసార్లు నొక్కినా కబురు ఆసుపత్రికి చేరదు. అతని దగ్గర మాత్రం బ్రహ్మాండంగా పనిచేసిందట. చెయ్యదూ మరి!

చేతులు అలవాటు కొద్దీ సరిచెయ్యడానికి పోయాయి. ఇంటికి ఆలస్యం, అత్తయ్య మూతి ముడుచుకోవడం, రేపు మీటింగులో లీడర్‌కి చప్పట్లు, అన్నీ కళ్ళముందు కనబడ్డాయి. ఛీ, నాకేం పట్టింది అనుకున్నాను. విడుదల ఆపేసి, అందరూ చూసే గ్రూపులో రాశాను. ఫైలు లీడర్ లాప్‌టాప్ మీద తయారైంది, ఆ అడ్రసు లోపలే ఉండిపోయింది, ఆయనే ఆఫీసు మెషీన్ మీద మళ్ళీ చేసి పంపితే పొద్దున చూస్తానన్నాను.

లీడర్ నా సీటు దగ్గరికి వచ్చాడు. కోపంగా కూడా లేడు, నొచ్చుకున్నట్టున్నాడు.

"ఎప్పుడూ నువ్వే సరిచేసేసేదానివి కదమ్మా. ఈసారి అందరిలో పెట్టావేం?"

"ఎప్పుడూ నేనే సరిచేస్తున్నానని మీకు తెలుసా?"



ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియదనే అనుకున్నాను. ఎలా చెబితే తెలుస్తుందా అని బస్సులో, వంటింట్లో, స్నానం చేస్తూ కూడా మాటలు కూర్చుకున్నాను. తెలిసే అజాగ్రత్త అని రాశాడన్నమాట. ఒళ్ళు మండింది, నిజమే. కానీ ఆ వెనకే ప్రాణానికి హాయిగా అనిపించింది. సంచీ భుజాన వేసుకుని లేచాను. తెలిసినవాళ్ళకి చెప్పుకునే పని తప్పింది.