ఎర్రగడ్డల కుప్పకు లైటు

పోయిన శ్రావణంలో ఆదెప్ప కల్లంలో ఐదొందల వాట్ల ఫోకస్ లైటు తెల్లవార్లూ మండింది. పొద్దున చూస్తే ఎర్రగడ్డల కుప్పలో ఆరు మూటల ఉల్లి లేదు. ఊరికే ఎత్తుకుపోలేదు. చిన్నవి, మెత్తబడినవి, మొలకొచ్చినవి అక్కడే వదిలి, పిడికిలంత ఉన్నవి ఏరుకుని మరీ పోయారు. ఏరుకోవడానికి వెలుతురు ఆదెప్పే పెట్టించాడు.

ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియక బసప్ప హోటల్ ముందర నిలబడి ఒక మాట అన్నాడు. "పక్కింటి కుక్క యాల మొరగల్యా? తెలిసినోళ్ళు వస్తేనే కదా కుక్క మొరగంది."

పక్కిల్లు భీమమ్మది. మొగుడు పోయాడు, కొడుకు ఆదోనిలో పత్తి మిల్లుకు పోతాడు, ఇంట్లో ఆమే, కరియ అనే నల్లకుక్కా. ఆ మాట గ్లాసులో టీ చల్లారేలోపు ఆమెను చేరింది. ఆ రోజు నుంచి భీమమ్మ ఆదెప్ప ముఖం చూడలేదు. రెండిళ్ళ మధ్య ఉన్నది మోకాలెత్తు రాతిగోడ. దాని మీదుగా ఏడాదంతా కూరాకు రాలేదు, మజ్జిగ పోలేదు.

ఈ శ్రావణంలో మళ్ళీ ఎర్రగడ్డలు పీకారు. కల్లం ఇంటి పక్కనే, ఆదోని నుంచి ఉరుకుందకు పోయే దారికి ఆనుకుని ఉంటుంది. కుప్ప వారం రోజులు ఆరాలి. ఆదెప్ప భార్య హులిగమ్మకు అదే వారంలో ఇంకో పని ఉంది. మూడేళ్ళ కింద ఆదెప్ప జ్వరంతో మంచం పట్టినప్పుడు, మనిషి లేచి తిరిగితే ఇద్దరూ వచ్చి ఒక రాత్రి నిద్ర చేస్తామని ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంది. ఆదెప్ప లేచాడు, తిరిగాడు. రెండు శ్రావణాలు కుప్ప అడ్డమొచ్చింది.

"ఈ సోమవారం పోవల్ల," అంది హులిగమ్మ. "నీ పానం గురించి నేను మొక్కిన మొక్కు. నువ్వు ఎర్రగడ్డలు పట్టుకోని కూసున్నావు."

"కుప్పను ఎవరు సూస్తారు?"

"భీమక్కకు ఒక మాట సెప్తే ఒక్క రాత్రి సూడదా?"

ఆదెప్ప టవలు భుజాన వేసుకుని ఆదోని బస్సెక్కాడు. భీమమ్మకు ఒక మాట చెప్పడం కంటే కొత్త లైటు కొనడం సులభమని అతని లెక్క.

ఆదోనిలో ఇస్సాకుది కరెంటు సామాన్ల అంగడి. ఇస్సాకు రెండు లైట్లు తీసి బల్ల మీద పెట్టాడు. ఆదెప్ప ఒక్కొక్కటీ చేతిలో తూచి చూశాడు, పుచ్చకాయను చూసినట్టు.

"ఇది సోలార్. మీ కల్లంలో సెట్టు ఉండాదా?"

"యాపసెట్టు ఉండాది."

"అయితే వద్దు. పైన మోడం, కింద నీడ. సార్జింగ్ ఎక్కదు. నడిరాత్రికే కండ్లు మూస్తాది." దాన్ని పక్కన పెట్టి రెండోదాన్ని ముందుకు తోశాడు. "ఇది ఎల్‌ఈడీ, ఇరవై వాట్లు. సెన్సారు ఉండాది. మనిషి కదిలితే ఎలుగుతాది, పోతే ఆరిపోతాది."

"ఐదొందలు మండిస్తేనే ఆరు మూటలు పోయినాయి. ఇరవైతో ఏమి నిలుస్తాదప్పా?"

"వాట్లంటే అది తినే తిండి అన్నా, సేసే పని కాదు. మీ ఎద్దుల్లో ఎక్కువ తినేదే ఎక్కువ దున్నుతాదా?"

ఆదెప్ప ఆలోచించాడు. ఎక్కువ తినే ఎద్దు మడక కడితే పడుకునే రకం. మాట వాస్తవమే.

"తెల్లవార్లూ మండే లైటును ఎవరూ సూడరు," అన్నాడు ఇస్సాకు. "మొబ్బులో ఉన్నట్టుండి ఎలిగిందనుకో, దొంగ ఉలిక్కిపడతాడు, పక్కోళ్ళు లేసి సూస్తారు. ఇంగ ఈ మూడు మరలు సూడు. ఒకటి ఎంత దూరం, ఒకటి ఎంతసేపు, ఒకటి ఎంత మొబ్బైతే పని సెయ్యల్లనో. దూరం తక్కువ పెట్టు. సేపు ఒక్క నిమిషం. మూడోది సెంద్రుని బొమ్మ కాడ. లైటు ముఖం కుప్ప దిక్కు వంచు. దోవ దిక్కు మాత్రం పెట్టొద్దు."

ఆదెప్ప తలూపాడు. అతని మనసు అప్పటికే బస్సు దగ్గర ఉంది.

ఇంటికొచ్చి నిచ్చెన వేసుకుని తానే బిగించాడు. దొంగ వచ్చేది దారి నుంచే కదా అని లైటు ముఖం దారికే పెట్టాడు. మరలు మూడూ చివరిదాకా తిప్పాడు. కొన్న వస్తువును సగం తిప్పి పెట్టడమేమిటి?

దిగి నిచ్చెన తీస్తుంటే లైటు వెలిగింది. పొద్దు ఇంకా గుంకలేదు.

"ఎండకు లైటేసినావా?" అని అడిగింది హులిగమ్మ.

ఆ రాత్రి ఆ లైటు వెలిగినన్నిసార్లు ఆదెప్ప జన్మలో ఏ లైటూ వెలగలేదు. పంది పోతే వెలిగింది. పిల్లి పోతే వెలిగింది. వేపకొమ్మ ఊగితే వెలిగింది. వెలిగినప్పుడల్లా ఆదెప్ప కట్టె పట్టుకుని బయటికి ఉరికాడు. అతను ఉరికినందుకు ఇంకోసారి వెలిగింది. వెలిగిన ప్రతిసారీ భీమమ్మ ఇంటి గోడంతా పట్టపగలైంది.

గోడ అవతల ఆమె లేచి కుక్కతో మాట్లాడింది. ఆదెప్పకు వినపడేంత గట్టిగానే మాట్లాడింది.

"కరియా, నువ్వు మొరిగే పనిల్యాలే, పండుకో. పక్కింట్లో లైటు మొరుగుతాంది."

ఆదెప్ప పళ్ళు కొరుక్కున్నాడు. పొద్దున ఇస్సాకుకు ఫోన్ చేశాడు.

"నేను సెప్పినట్ల పెట్టినావా అన్నా?"

"పెట్టినా."

"దోవ దిక్కు కాదు కదా?"

ఆదెప్ప ఫోన్ పెట్టేశాడు. ఒక మర కొంచెం వెనక్కి తిప్పాడు. ఏ మరో చూసుకోలేదు. లైటు ముఖం మాత్రం మార్చలేదు. మారిస్తే ఇస్సాకు మాట నిజమవుతుంది.

శనివారం చీకటిపడ్డాక ఉరుకుందకు నడిచిపోయే గుంపు ఒకటి వచ్చింది. కర్ణాటక నుంచి వస్తున్నవాళ్ళు, ఇరవై మందికి పైనే. ఆ దారిన శ్రావణంలో నడిచేవాళ్ళకు ఒక అలవాటు ఉంది. మిగతా ఇళ్ళన్నీ చీకటిగా ఉండి, ఏ ఇంటి ముందర దీపం కనపడుతుందో ఆ ఇంట్లో నీళ్ళిస్తారు, కూర్చోనిస్తారు. దీపం పెట్టడమే పిలుపు. గుంపులో ముందు నడిచే ముసలామె కస్తూరమ్మ కల్లం దగ్గరికి రాగానే లైటు భగ్గుమని వెలిగింది. ఆమె రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

"సూడండ్రప్పా! మనం వస్తాండామని తెలిసి దీపం పెట్టినారు. పుణ్యాత్ముల ఇల్లు."

ఆదెప్ప కట్టె పట్టుకుని బయటికి వచ్చేసరికి కల్లం నిండా జనం. కొందరు సంచులు దించుతున్నారు, కొందరు కాళ్ళు చాపుతున్నారు. ఇద్దరు కుప్పకు వీపు ఆనించి కూర్చున్నారు.

"స్వల్ప నీళ్ళియ్యి తాయీ," అంటోంది కస్తూరమ్మ హులిగమ్మతో.

మనుషుల్ని తరమడానికి తెచ్చిన లైటు ఊరి మీద పోయేవాళ్ళందర్నీ పిలిచి కూర్చోబెట్టింది. ఆదెప్ప నోరు తెరిచాడు. కట్టె పట్టుకున్న మనిషిని చూసి కస్తూరమ్మ అంది, "కాలునొప్పా అప్పా? నువ్వూ కూసో."

అతను కూర్చున్నాడు.

బానలో నీళ్ళు పది మందికే అయిపోయాయి. కొళాయి మరుసటిరోజు పొద్దున గానీ రాదు. ఉరుకుంద పోయేవాళ్ళను దాహంతో పంపడమా? హులిగమ్మ ఖాళీ చెంబు పట్టుకుని నిలబడిపోయింది. అప్పుడు మోకాలెత్తు గోడ మీద ఒక నిండు బిందె వచ్చి కూర్చుంది. దాని పక్కన ఇంకొకటి.

"పట్టుకో హులిగీ," అంది భీమమ్మ. "లైటుంటే సాలదు, నీళ్ళు కూడా ఉండల్ల."

గుంపు తాగింది, కాసేపు నడుం వాల్చింది, లేచి పోయింది. ఒక్క గడ్డ పోలేదు. ఆదెప్పకు మాత్రం నిద్ర పోయింది.

ఆదివారం అతను ఇస్సాకు చెప్పినట్టే అన్నీ మార్చాడు. ముఖం కుప్ప దిక్కు వంచాడు. దూరం తగ్గించాడు, సేపు ఒక్క నిమిషం, మూడో మర చంద్రుని బొమ్మ దగ్గర. మునిమాపున పరీక్ష చేశాడు. దారిన బండి పోయింది, వెలగలేదు. పంది పోయింది, వెలగలేదు. తానే దొంగలాగ నడుం వంచి కుప్ప దగ్గరికి పాకాడు. వెలిగింది.

"సూసినావా!" అన్నాడు, వంగినవాడు వంగినట్టే.

"బాగుంది," అంది హులిగమ్మ. "రేపు రాత్రి మనం ఉరుకుందలో ఉంటాం. ఇది ఎలుగుతాది. ఎవరు సూస్తారు?"

ఆదెప్ప నడుం ఎత్తలేదు. లైటు నిమిషం వెలిగి ఆరిపోయింది. తరువాత లేచి గోడ దగ్గరికి పోయాడు.

భీమమ్మ అరుగు మీద చేటలో కొర్రలు చెరుగుతోంది.

"అక్కా."

"కరియా, ఎవరో పిలుస్తాండారు సూడు."

"నిన్నే అక్కా. రేపు మేము ఉరుకుంద పోవల్ల. నిద్ర సెయ్యల్ల."

"పోండి. లైటుంది కదా."

"ఎలిగితే సూసే మనిషి ల్యా."

"ఎలిగితే నేనేమి సెయ్యల్ల? మొరగల్లా?"

ఆదెప్ప గోడ మీది రాయిని గోటితో గీకాడు. "నేను అట్ల అనింది తప్పు."

"యాడ అన్నావు?"

"బసప్ప హోటల్ కాడ."

"అయితే తప్పని కూడా ఆడనే సెప్పు. ఈడ గోడకాడ గొణిగితే నాకేమొస్తాది?" భీమమ్మ చేట తీసుకుని లోపలికి పోయింది.

సోమవారం పొద్దున బస్సు ఆగేది ఆ హోటల్ ముందరే. హులిగమ్మ సంచి పట్టుకుని నిలబడింది. ఆదెప్ప టీ తాగేవాళ్ళ ముందర గొంతు సవరించుకున్నాడు.

"పోయిన సారి భీమక్క కుక్క గురించి నేనొక మాట అన్నా. అది తప్పు."

అందరూ అతని వైపు చూశారు.

"ఏ కుక్క?" అన్నాడు బసప్ప.

"కరియ."

"ఏమన్నావు?"

ఒక్కరికీ గుర్తు లేదు. ఆ మాటను ఏడాది పొడుగునా మోసింది భీమమ్మ, ఆదెప్ప, వాళ్ళిద్దరే. తప్పని ఒప్పుకోవడానికి ఆ తప్పును మొదటి నుంచి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఆరు మూటలు, ఫోకస్ లైటు, మొరగని కుక్క, అన్నీ చెప్పాడు. అంతా విని బసప్ప అన్నాడు, "ఛీ, అట్లెవరన్నా అంటారా?"

బస్సు వచ్చి ఆదెప్పను కాపాడింది. ఈ మాట కూడా టీ చల్లారేలోపు భీమమ్మను చేరుతుందని అతనికి తెలుసు.

ఆ రాత్రి ఉరుకుందలో జనం మధ్య, చెవి పక్కన ఎవరి గురకో వింటూ, ఆదెప్ప కలత లేకుండా నిద్రపోయాడు. హులిగమ్మే నాలుగుసార్లు లేచి, మొగుడు నిజంగా పడుకున్నాడా లేదా అని చూసుకుంది.

మంగళవారం చీకటిపడే వేళకు ఇంటికొచ్చారు. ఆదెప్ప సంచి దించకుండానే కల్లంలోకి నడిచాడు. లైటు వెలగలేదు. ఒక అడుగు ముందుకేశాడు, వెలగలేదు. చేతులు పైకెత్తి ఊపాడు. ఎగిరి కూడా చూశాడు.

"యాల ఆదెప్పా, ఎగుర్తాండావు?" కుప్ప పక్క నుంచి భీమమ్మ గొంతు. "నేనే ఆపేసినా."

"ఆపేసినావా?"

"కరియ తోక ఆడిస్తే ఎలుగుతాది, నేను పక్క తిరిగితే ఎలుగుతాది. మనిషి నిద్ర పోవల్లా వద్దా? మీ అరుగు మీది బోర్డు కాడ కట్టేసి, ఈడనే మంచం ఏసుకున్నా. రాత్రికని సద్ది మూట కూడా తెచ్చుకున్నా."

ఇరవై వాట్లు, మూడు మరలు, ఆదోని ప్రయాణం, నిచ్చెన. ఆదెప్పకు చెప్పాల్సింది చాలా ఉంది. ఇంతలో కరియ మంచం కింది నుంచి వచ్చి అతని కాళ్ళు వాసన చూసి, మళ్ళీ పోయి పడుకుంది.

"మొరగల్యా, సూసినావా?" అంది భీమమ్మ. "తెలిసినోనివి అని."

హులిగమ్మ నవ్వు ఆపుకోలేక సంచిలోంచి ప్రసాదం పొట్లం తీసింది.

"ఏమీ కనపడల్యా. లైటెయ్యి ఆదెప్పా," అంది భీమమ్మ.

ఆదెప్ప పోయి బోర్డు మీది స్విచ్చు వేశాడు. ఆడవాళ్ళిద్దరూ మంచం మీద కూర్చుని పొట్లం విప్పి, కదలకుండా కబుర్లలో పడ్డారు. నిమిషం కాగానే లైటు ఆరిపోయింది.

"సెయ్యాడించప్పా," అంది భీమమ్మ.

ఆదెప్ప చెయ్యి ఊపాడు. వెలిగింది. మళ్ళీ ఆరింది. మళ్ళీ ఊపాడు. వాళ్ళ మాటలు అయిపోయేదాకా కుప్ప పక్కన నిలబడి, ఇస్సాకును మనసులో తిట్టుకుంటూ, నిమిషానికొకసారి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.