చీమనడుము లేని పెళ్లికూతురు

ఇండోనేషియాలోని మా రియావు దీవిలో వరుడి పక్షాన గుమ్మం ముందు నిలిచి పద్యం చెప్పడం నలభై ఏళ్లుగా నా బాధ్యత. నిఖా ముగిశాక వరుణ్ణి వెంటబెట్టుకొని వధువు ఇంటికి వెళ్తాము. మెట్ల పైన, వాకిలికి అడ్డంగా పట్టుగుడ్డ కట్టి ఉంటుంది. మా పద్యం మెచ్చితేనే దాన్ని తొలగిస్తారు. పొద్దు వాలాక వచ్చే అసర్ నమాజు పిలుపులోగా తొలగకపోతే ఆనాటికి వెనుదిరిగి, మరునాడు మళ్లీ రావాలి.

వధువును వర్ణించడానికి నేను కొత్తగా ఆలోచించింది ఎన్నడూ లేదు. నెలవంక కనుబొమలు, కోసిన మామిడిచెక్క వంటి చెక్కిళ్లు, వేలాడే తేనెపట్టు వంటి చుబుకం, చీమనడుము. ఏ గుమ్మంలోనైనా ఇవే. ఏ వధువూ కాదనలేదు.

ఆనాటి వరుడు పడవలు చేసే వడ్రంగి ఇద్రూస్. వధువు మైమున్ రోజూ రోకలితో చేపలు దంచి అప్పడాలు చేసే పిల్ల. ఆమె పక్షాన గుడ్డకు అవతల అమ్మమ్మ సాలమా నిలబడింది. నేను గొంతు సవరించుకొని ఎప్పటి పద్యమే అందుకున్నాను. చీమనడుము దగ్గరికి రాగానే మెట్ల కింద ఎవరో అన్నారు:

"ఆ చీమ రోజూ రోకలి ఎత్తుతుందట్రా."

జనం ఘొల్లుమన్నారు. గుడ్డ వెనుక నుంచి పెళ్లికూతురి గొంతు వినిపించింది. ఆ వేళ ఆమె పెదవి విప్పకూడదు.

"హాజీ తాతా, మీరు చెప్పిన పిల్ల మా ఇంట్లో లేదు. ఇల్లు తప్పొచ్చారేమో."

"నువ్వు మాట్లాడకూడదే," అంది సాలమా.

"అక్క పెళ్లిలోనూ ఈ పద్యానికే నవ్వారు అమ్మమ్మా. పాపం అక్క వారం రోజులు గడప దాటలేదు. నా గురించి ఒక్క నిజమైన మాట చెప్పమను, గుడ్డ తీస్తాను. లేదంటే రేపు రమ్మను."

సాలమా నాతో అంది: "విన్నావుగా హాజీ. ఇంకోటి అందుకో."

అందుకోవడానికి నా దగ్గర ఇంకొకటి లేదు. సృష్టికర్త ప్రతి ముఖాన్నీ వేరుగా తీర్చిదిద్దితే, నలభై ఏళ్లుగా నేను అన్నిటికీ ఒకే ముసుగు తొడిగానని అప్పుడు తోచింది. మసీదు వైపు నీడలు సాగుతున్నాయి. ఇద్రూస్ నా భుజం మీదికి వంగాడు.

"తాతా, నేను చెప్పనా?"

"గుమ్మంలో వరుడు మాట్లాడకూడదు. నా చెవిలో చెప్పు."

"ఎడమ కనుబొమలో చిన్న ఖాళీ ఉంది, నూనె చింది కాలింది. నేను మొదట చూసింది దాన్నే. నా తొలి పడవ నీళ్లలోకి దించిన రోజు అందరికంటే గట్టిగా తోసింది తనే. నడుం సంగతి నాకు తెలీదు గానీ, పడవైతే కదిలింది."

నేను కళ్లు మూసుకొని, మా ఆచారం ప్రకారం ముందు రెండేసి పాదాలు ప్రాసకే పేర్చి, అందుకున్నాను:

"ఒడ్డున పీత గూడు కట్టుకుంది,
కొబ్బరి నీడ నీళ్లలో ఊగింది;
చీమనడుము పిల్ల అద్దం పట్టుకుంది,
మైమున్ తోస్తేనే పడవ సాగింది.

వాన వెలిసి తీగ చిగురు వేసింది,
వలలో చిక్కి వెండిచేప మెరిసింది;
నింగిలో నెలవంకను మబ్బు మూసింది,
కాలిన కనుబొమే వరుణ్ణి గెలిచింది."

మెట్ల కింద మళ్లీ నవ్వారు. ఈసారి ఆ నవ్వు చీమ మీద. గుడ్డ వెనుక మాత్రం ఎవరూ నవ్వలేదు. దాచుకున్న మచ్చను పదిమందిలో పెట్టానేమోనని గుడ్డకు దగ్గరగా జరిగాను.

"కనుబొమ మాట మీకెవరు చెప్పారు?" అంది మైమున్ మెల్లగా.

"నీ మొగుడే."

"గుమ్మంలో ఆయన మాట్లాడకూడదుగా?"

"నువ్వూ మాట్లాడకూడదు," అన్నాను.

లోపల గాజులు గలగలలాడాయి. గుడ్డను అమ్మమ్మ తీయలేదు. పెళ్లికూతురే ముడి విప్పింది.

"ఇద్దరికీ నోరు ఆగదు," అంది సాలమా పక్కకు జరుగుతూ. "సరిజోడే. రా నాయనా లోపలికి."

ఇద్రూస్ గడప దాటుతుండగా అసర్ పిలుపు వినిపించింది. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కొని వజూ చేసుకోవడానికి మెట్లు దిగుతుంటే కింద నా భార్య జహరా నీళ్ల చెంబుతో ఎదురైంది.

"మన పెళ్లిలో మీవాళ్లు నా గడ్డాన్ని తేనెపట్టు అన్నారు," అంది. "ఇన్నేళ్లలో ఒక్క ఈగైనా వాలలేదు."

"నమాజు అయ్యాక నీకూ ఒక పద్యం కడతాను," అన్నాను.

"నిదానంగానే కట్టండి. ముందు నన్ను సరిగ్గా చూడండి," అని ఆమె నా చేతుల మీద నీళ్లు పోసింది.