ముందే కూర్చున్న బరువు

పాత కార్లు కొనేవాళ్ళకి ఆదివారం తప్ప తీరిక దొరకదు. అందుకని స్పానరక్కకి ఆదివారమే అసలు పని. పొద్దున్నే టీ తాగి, సంచిలో టార్చిలైటు, చిన్న అయస్కాంతం, పిడి ఉన్న అద్దం, కింద పరుచుకోవడానికి పాత చాప సర్దుకుని స్కూటరు మీద బయల్దేరుతుంది. అమ్మేవాడి మాట ఒక చెవితో వింటుంది, ఇంజను మాట రెండో చెవితో వింటుంది. రెండూ కలిస్తే కొనమంటుంది, కలవకపోతే చాప చుట్టేస్తుంది. ఆవిడకీ అందరిలాగే అసలు పేరొకటి ఉండేది గాని, వాడకం లేక తుప్పుపట్టిపోయింది.

ఆ ఆదివారం చూడబోయే బండి బయటివాళ్ళ కోసం కాదు, సొంత తమ్ముడి కోసం. తల్లి పోయేనాటికి వాడింకా చంకపిల్లాడు, ఆవిడ బడి పిల్ల. అప్పట్నుంచీ వాడికి అమ్మా ఆవిడే, అక్కా ఆవిడే. చిన్నప్పుడు బొద్దుగా ఉండేవాడు. వాణ్ణి మోసీ మోసీ ఆవిడ నడుము ఇప్పటికీ ఒక పక్కకే ఒరుగుతుంది. ఇప్పుడు ఆరడుగుల మనిషై స్కూటరు వెనక కూర్చుని చెవిలో జోరీగలా పోరుతున్నాడు.

"ఎర్రది అక్కా. స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. పైకప్పు వెనక్కి మడిచేయొచ్చు."

"వానొస్తే?"

"మూసుకుంటుంది."

"పాత బండ్లలో తెరుచుకున్నది మూసుకోదు, మూసుకున్నది తెరుచుకోదురా. ఇంతకీ అంత చవగ్గా ఎందుకిస్తున్నాడట?"

"నీకన్నీ అనుమానాలే. మంచివాడేమో!"

"మంచివాడైతే ఇంకా భయం," అంది స్పానరక్క.

అమ్మే మనిషి రిటైరైన పళ్ళ డాక్టరు. ఇంటి పక్క షెడ్డులో, మడత మంచానికీ ఖాళీ పూలకుండీలకీ మధ్య, ఆ ఎర్రటి బండి పొట్టిగా, నేలకి ఆనుకుని ఉంది. చూడగానే ఎవరికైనా చెయ్యి వేసి నిమరాలనిపిస్తుంది.

"నడుము సహకరించడం లేదమ్మా," అన్నాడు డాక్టరు. "ఎక్కితే దిగలేను, దిగితే ఎక్కలేను."

స్పానరక్క ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. కొనేవాళ్ళు రాకముందే ఇంజను వేడి చేసిపెట్టేవాడు ఏదో దాస్తున్నట్టే లెక్క. ఈయన దాయలేదు. అయస్కాంతం తీసి తలుపుల వెంట, చక్రాల పైన జరిపింది. అంతటా అతుక్కుంది, పుట్టీ పూతలు లేవు. ఆయిల్ మూత తిప్పి అడుగున చూసింది, నీళ్ళు కలిస్తే పట్టే తెల్ల నురగ లేదు. చాప మీద పడుకుని అడుగుభాగమంతా టార్చి వేసింది. తుప్పు ఉండాల్సిన చోటే, ఉండాల్సినంతే ఉంది. ఇంజను మొదటి తిప్పుకే అందుకుని, దగ్గూ దమ్మూ లేకుండా తిరిగింది. తమ్ముడి మొహం చూడాలి, పరీక్ష ప్యాసైనట్టు వెలిగిపోతోంది.

అప్పుడావిడ పది అడుగులు వెనక్కి వెళ్ళి, గొంతుక్కూర్చుని బండిని ఎదురుగా చూసింది. డ్రైవరు వైపు కిందికి ఒరిగి ఉంది.

"బరువుందండీ," అంది.

"ఉందమ్మా. అందుకే ఆ ధర," అన్నాడు డాక్టరు.

ఇందులో వింతేం లేదు. వాడిన చెప్పులో పాదం అచ్చు మిగిలినట్టే, మనసుపడి నడిపిన బండిలో ఆ మనిషి పోయాక కూడా బరువు మిగిలిపోతుంది. టైర్ల కొట్టువాళ్ళు ఏమీ అడక్కుండానే ఆ వైపు కాస్త గాలి ఎక్కువ కొడతారు. దాన్ని దింపడం కూడా స్పానరక్క పనిలో భాగమే. పోయినాయన రోజూ ఎక్కడికెళ్ళేవాడో కనుక్కుని, బండి అక్కడికి తోలుకెళ్ళి, తలుపు తీసి పట్టుకుని, "వచ్చేశామండీ, దిగండి," అనాలి. మొహమాటస్థులైతే కాస్త ఆలస్యం చేస్తారు. స్ప్రింగులు కిర్రుమని పైకి లేవగానే తలుపు వేసేసి, వెనక్కి చూడకుండా వచ్చేయాలి.

"ఎవరిదండీ?"

"అదే అంతుపట్టలేదు. మొదటి ఓనరు రాయిలా ఉన్నాడు, పొద్దున కూడా ఈ వీధిలో నడిచెళ్ళాడు. రెండోవాణ్ణి నేను. మొన్నటి వానల దాకా బండి సమంగానే ఉండేది. ఓ పొద్దున చూస్తే ఇలా ఒరిగిపోయి ఉంది. మీలాంటివాళ్ళు ఇద్దరొచ్చి, ఎందుకైనా మంచిదని నా పాత క్లినిక్ దగ్గరా, ఆయన ఆఫీసు దగ్గరా తలుపు తీసి బతిమాలారు. దిగలేదు."

స్పానరక్క చక్రం పక్కన కూర్చుని, టైరుకీ పైనున్న రేకు అంచుకీ మధ్య రెండు వేళ్ళు దూర్చి సందు చూసుకుంది. డాక్టరుని ఓసారి సీట్లో కూర్చోమంది. మూలుగుతూ కూర్చున్నాడు, రేకు దిగి వేళ్ళకి తగిలింది. ఆయన్ని లాగి బయటికి తీశారు, రేకు లేచింది. అప్పటికే తమ్ముడికి ఓపిక నశించింది. అక్క వేళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయని కూడా చూడకుండా దబ్బున ఎక్కి కూర్చున్నాడు.

వేళ్ళు నలిగిపోయాయనుకుని ఆవిడ కళ్ళు మూసుకుంది. నలగలేదు. రేకు వెంట్రుకవాసి కూడా దిగలేదు.

"ఒరే, దిగి మళ్ళీ ఎక్కు."

దిగాడు, ఎక్కాడు. ఆరడుగుల మనిషి. బండికి పట్టనే లేదు.

"స్ప్రింగులు భలే గట్టివి కదక్కా! సీటు కూడా నా కొలతలు తీసుకుని కుట్టినట్టుంది," అన్నాడు స్టీరింగు నిమురుతూ.

స్పానరక్క వేళ్ళు వెనక్కి తీసుకుంది. ఇలాంటి బరువు గురించి ఆవిడకి పని నేర్పిన మేస్త్రి ఒక్కసారే చెప్పాడు, అదీ గొంతు తగ్గించి. ఇది పోయినవాళ్ళది కాదు, పోబోయేవాళ్ళది. ఆ మనిషి చోటు బండి ముందే పట్టిపెట్టుకుంటుంది. సొంతదారుడు ఎక్కితే కొత్తగా మోయాల్సిందేమీ ఉండదు, అందుకే దిగదు. మేస్త్రి చూసిన మనిషి భయపడి ఆ బండి కొనలేదు. వాడి మేనమామ కొన్నాడు. ఓ రోజు పెట్రోలు పోయించుకొస్తానని ఆ భయపడినవాడే తాళం తీసుకెళ్ళాడు. సాయంత్రానికి బండి లారీ మీద వచ్చింది, స్ప్రింగులు హాయిగా పైకి లేచి ఉన్నాయి.

"మరి విరుగుడు లేదా?" అని అడిగిందావిడ అప్పట్లో.

"ఉంది. ఇంకొకళ్ళు ఆ సీట్లో కూర్చుని, ఇది నాది అనాలి. అప్పుడు వీడి బరువు దిగి వాళ్ళది ఎక్కుతుంది. ఊరికే అంటే చాలదు, మనసులో ఉండాలి. బండి దగ్గర అబద్ధం చెల్లదు."

డాక్టరు మొహం పాలిపోయి ఉంది. ఆయనకీ ఎవరో చెప్పే ఉంటారు. "అమ్మా, నేను అమ్మనులే. షెడ్డులోనే పడుంటుంది," అన్నాడు నెమ్మదిగా.

"పడుండదండీ," అంది స్పానరక్క. "మావాణ్ణి లోపలికి తీసుకెళ్ళి కాగితాలు చూపించండి."

వాళ్ళు వెళ్ళాక డ్రైవరు సీట్లో కూర్చుంది. బండి ఆవిడ బరువుకి ఇంకాస్త దిగింది. తన కిందే, తన ఒళ్ళో కూర్చున్నట్టే, తమ్ముడి బరువు. ఆ బరువు ఆవిడ నడుముకి తెలుసు.

"ఇది నాది," అంది. బండి ఉలకలేదు, పలకలేదు.

"ఇది నాదే," అని గట్టిగా అంది. ఏడుపొచ్చింది గాని బండి కదల్లేదు. లోపల తమ్ముడు దేనికో పెద్దగా నవ్వుతున్నాడు. బేరం కుదిరిపోతోంది.

ఏం చేయాలో తోచక, చేతులు ఊరుకోక, పైకప్పు కొక్కేలు విప్పి వెనక్కి తోసింది. చక్కగా మడతపడింది. షెడ్డు రేకుల సందుల్లోంచి ఎండ వచ్చి ఒళ్ళో పడింది. గేరు కర్ర మీద చెయ్యి వేసింది. ఇన్నేళ్ళలో ఎన్ని బండ్లు చూసిందో! అన్నీ ఎవరెవరికోసమో. ఒక్కదాన్ని కూడా తనదనుకోలేదు, అనుకోవడం తనకి కుదిరే పని కాదని మొదట్లోనే పక్కన పెట్టేసింది. వాడి ఫీజులు, వాడి బూట్లు, వాడి జ్వరాలు. ఒకప్పుడు, వాడు చంకకెక్కక ముందు, తనకీ ఇలా గాలికి జుట్టు ఎగిరేలా ఎక్కడికో పోవాలని ఉండేది. ఆ సంగతి తమ్ముడికి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు.

"నాకూ కావాలి," అంది. ఆ మాట విని తనే ఆశ్చర్యపోయింది.

స్ప్రింగులు కిర్రుమన్నాయి. బండి పైకి లేచి, ఓ గుక్కెడు ఊపిరంత సేపు సమంగా నిలబడి, మళ్ళీ మెల్లగా దిగింది. అంతకు ముందంత కాదు, ఆవిడంతే. కిందికి దిగి తలుపు వేసినా అలాగే ఉంది.

తమ్ముడు కాగితాలు ఊపుకుంటూ వచ్చాడు. స్పానరక్క వాణ్ణి ఎక్కమంది. ఎక్కాడు. రేకు టైరు మీదికి ఇంత మేర దిగి మూలిగింది. ఆ మూలుగు విని ఆవిడ తృప్తిగా కళ్ళు తుడుచుకుంది.

"అదేంటి, ఇందాక ఇలా ఊగలేదే?"

"దిగు. ఈ బండి నేను తీసుకుంటున్నాను."

వాడు నవ్వాడు. అక్క నవ్వకపోయేసరికి నవ్వు ఆగింది. "నీకెందుకక్కా స్పోర్ట్స్ కారు? నేను చూసుకున్నది! నాలుగు నెలల్నుంచీ దీని కోసమే తిరుగుతున్నా. నా నోటి దగ్గర కూడు లాక్కుంటావా?"

"ఇన్నాళ్ళూ అన్నీ నీకే ఇచ్చాను కదరా. ఇదొక్కటి నాకుండనీ."

వాడు ఆవిణ్ణి కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత స్కూటరు తాళం అడిగి తీసుకున్నాడు. డాక్టరు కారు తాళం ఇస్తూ ఆవిడ చెయ్యి వదల్లేకపోయాడు.

"ఎన్నాళ్ళమ్మా?" అన్నాడు.

"దానిష్టం. నేను మాత్రం స్పీడు ముప్పై దాటనివ్వను. తొందరేదైనా ఉంటే అదే మానుకుంటుంది."

బండి ఎక్కింది. ఎక్కినట్టే లేదు, అంత తేలిగ్గా తీసుకుంది. వీధి చివరికి వచ్చేసరికి వెనకనుంచి స్కూటరు దూసుకొచ్చింది. తమ్ముడు అక్క వైపు చూడనైనా చూడకుండా దాటేశాడు. మలుపులో స్కూటరుని ఒక పక్కకి బాగా వాల్చి తిప్పాడు. టైరు నేలకి నొక్కుకుంది, వాడి బరువంతా వాడితోనే ఉంది.

వాడు కనపడకుండా పోయేదాకా స్పానరక్క చూస్తూ ఉండిపోయింది. తర్వాత గేరు మార్చింది.