నాలుక చప్పుడు

టీవీలో ఒక క్రీడాకారిణి కప్పు ఎత్తుతున్న దృశ్యం వస్తే మన ఒళ్లు గగుర్పొడుస్తుంది. అన్నం తింటున్నవాళ్లు ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోతారు. పక్కనున్న పిల్లల వైపు తిరిగి "చూడు, ఎట్లా సాధించిందో!" అంటారు. ఆ గగుర్పాటులో సగం, పంజాగుట్టలో ఏదో మేడ మీద కూర్చుని డప్పుల మోత ఎంచిపెట్టిన మనిషి పుణ్యమని ఎవరికీ తట్టదు.

ధాత్రి అలాంటి మనిషి. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేయడానికి ఊరి నుంచి వచ్చి, చివరికి టీవీ కార్యక్రమాలకు మ్యూజిక్ సూపర్‌వైజర్ అయింది. ఏ దృశ్యం కింద ఏ సంగీతం రావాలో తేల్చడం ఆమె పని. దగ్గు, కుర్చీ కిర్రుమనడం, ఫ్యాన్ మోత లాంటి అక్కర్లేని చప్పుళ్లు తీసేయడం కూడా ఆమె పనే.

ఆ వారం ఆమె ముందుకొచ్చినది టెన్నిస్ చాంపియన్ మానస కథ. మానస అమీర్‌పేట పిల్లే. తండ్రి రాజనర్సయ్య ఒకప్పుడు క్లబ్బులో పెద్ద ఆఫీసర్లతో బంతి ఆడిపెట్టే మార్కర్. తర్వాత జెరాక్స్ దుకాణం నడుపుతూ కూతురికి తానే ఆట నేర్పాడు. ఆదివారం కార్యక్రమం ప్రసారమవుతుంది. సోమవారం మానస చెన్నై టోర్నమెంట్‌కు బయలుదేరాలి.

సంగీతం వేసే ముందు ధాత్రి మ్యాచ్‌ల అసలు శబ్దం వింటుంది. బంతి దెబ్బ, బూట్ల రాపిడి, చప్పట్లు. వాటి మధ్య ఒక చిన్న చప్పుడు తగిలింది. మానస కొట్టిన బంతి గీత దాటి పడగానే, "చ్చ్" అని ఎవరో నాలుకతో చప్పరించారు. ఇంకో బంతి నెట్‌కు తగిలింది. చ్చ్.

"రాజనర్సయ్య గారే అయ్యుంటారండీ. గోడ పక్కనే కూర్చుంటారుగా," అన్నాడు దర్శకుడు ప్రమోద్. "తీసేసి అక్కడ డ్రమ్స్ గట్టిగా కొట్టించండి ధాత్రి గారూ. జనానికి ఏడుపు రావాలి."

ధాత్రి తీసేసింది. పుణే ఫైనల్ దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. అందులోనూ ఉంది ఆ చప్పుడు, ఇంకా దగ్గరగా, చెవిలో నాలుక ఆడించినట్టు. కానీ ఇంటర్వ్యూలో రాజనర్సయ్య స్వయంగా చెప్పాడు: "డెంగీ వచ్చి మంచం పట్టిన. పుణే ఒక్కటే నేను చూడలే."

అమీర్‌పేట పార్కులో, తెల్లవారుజామున మానస ఒంటరిగా గోడకు బంతి కొడుతున్న దృశ్యం పెట్టి చూసింది. చుట్టూ మనిషి లేడు. ఒక బంతి గురి తప్పింది. చ్చ్.

ధాత్రి హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది. ఇంటికి వెళ్తూ అమీర్‌పేట మెట్రో మెట్ల మీద ఎవరో వెనక చప్పరించినట్టనిపించి తిరిగి చూసింది. జనం, జనం. ఎవరి మొహమూ ఆమె వైపు లేదు.

శుక్రవారం మానస మాటలు రికార్డు చేయడానికి తండ్రీ కూతుళ్లు స్టూడియోకు వచ్చారు. ప్రమోద్ కూడా అక్కడే ఉన్నాడు.

"మేడం, జర పవర్‌ఫుల్ మ్యూజిక్ పెట్టున్రి. నా బిడ్డ కోర్ట్‌లకి వస్తుంటే పులి వచ్చినట్టుండాలె," అన్నాడు రాజనర్సయ్య నవ్వుతూ.

"పులికి నా లెక్క పీల గొంతుంటదా బాపూ?" అంది మానస. అందరూ నవ్వారు. హెడ్‌ఫోన్స్ అందుకోవడానికి ఆమె ఎడమ చెయ్యి చాపింది. కుడి చెయ్యి ఒళ్లోంచి కదలలేదు.

"భుజం నొప్పా?" ధాత్రి అడిగింది.

మానస తండ్రి వైపు చూసింది. జవాబు ఆయనే చెప్పాడు. "డాక్టర్లు గట్లనే అంటరు, రెస్ట్ రెస్ట్ అని. మళ్ల ఆడితే చెయ్యే లేవదని భయపెట్టిన్రు. నొప్పి లేని చాంపియన్ ఎవలున్నరు మేడం? ఏం ఫికర్ లేదు."

గాజు గదిలో మానస ఒక్కతే కూర్చుని, రాసిచ్చిన మాటలు చదవసాగింది. ఒక మాట దగ్గర తడబడింది.

చ్చ్.

ఇవతల స్పీకర్‌లో అది స్పష్టంగా వినిపించింది. ధాత్రి పక్కకు చూసింది. రాజనర్సయ్య పెదవులు మూసుకునే ఉన్నాయి.

"మైక్ ఖరాబైనట్టుంది," అన్నాడాయన.

ప్రతి గదికీ దాని సొంత నిశ్శబ్దం ఉంటుంది. మాటల మధ్య అతకడానికి దాన్ని కాసేపు ఊరికే రికార్డు చేసుకోవడం ఈ పనిలో ఆనవాయితీ. "మానసా, కొంచెం సేపు ఏమీ మాట్లాడకుండా కూర్చో," అంది.

గదిలో చప్పుడేమీ లేదు. పిల్ల ఊపిరి మాత్రం. ఆమె చూపు గోడ మీద ఎక్కడో నిలిచింది. తర్వాత మొదలైంది. చ్చ్. కొంచెం ఆగి, చ్చ్. పెదవులు కదిలీ కదలనట్టున్నాయి. ముందు చిన్న విసుగు, వెంటనే ముక్కుతో గాలి వదలడం. జెరాక్స్ కాగితం ఇరుక్కున్నా, కూర ఉప్పగా ఉన్నా, బంతి బయటపడ్డా రాజనర్సయ్య ఎలా చప్పరిస్తాడో, అచ్చం అలాగే.

ఆయన గాజు అద్దానికి చెయ్యి ఆనించాడు. "నాది," అన్నాడు నెమ్మదిగా. "గా చప్పుడు నాది. నేను ఈడ నిలబడ్డ గదా, ఆడెట్ల వస్తుంది?"

ఆయన తలుపు తోసుకుని లోపలికి పోయాడు.

"ఎందుకు చప్పరిస్తున్నవ్ బిడ్డా?"

"నేనా?" మానస తెల్లబోయింది. "నేనేం చెయ్యలే. నువ్వే గదా బాపూ. నాకెప్పుడూ నువ్వే వినవడుతవ్."

"పుణేల సుత?"

"పుణేల ఇంకా ఎక్కువ."

"మరి భుజం..."

"చెయ్యి పైకి లేస్తలేదు బాపూ. జుట్టు సుత అమ్మనే దువ్వుతుంది. నొప్పి అందామంటే ముందు గదే వినవడ్తది. అందుకే అనలే."

రాజనర్సయ్య కూతురి పక్కన నేల మీదే కూర్చుండిపోయాడు. తర్వాత లేచి, "చెన్నై పోతలేం," అన్నాడు.

ప్రమోద్ కంగారుపడ్డాడు. "ఏంటి సార్! మన ప్రోగ్రామ్ అమ్మాయి చెన్నై బయల్దేరడంతోనే కదా ముగిసేది?"

"ముగింపు నేను చెప్త. మైక్ ఆన్ చెయ్యున్రి మేడం."

చెప్పడం పూర్తయ్యాక ఇద్దరూ మెట్లు దిగి వెళ్లారు. చీకటిగా ఉన్న మలుపులో ఎవరి కాలో మెట్టు తప్పింది. చ్చ్ అని వినిపించింది. తండ్రి నోటినుంచో, కూతురి నోటినుంచో పైనున్న ధాత్రికి తెలియలేదు. అంత కాలం లోపల కాపురమున్నది ఒక్క పూటలో ఇల్లు ఖాళీ చేయదు.

ఆదివారం కార్యక్రమం ప్రసారమైంది. పుణే మ్యాచ్‌లో ధాత్రి డ్రమ్స్ వేయకుండా ఆ చప్పుడు అలాగే ఉంచింది. ప్రమోద్ గొణిగాడు గాని అడ్డుపడలేదు. చివరి దృశ్యంలో రాజనర్సయ్య మాట ఒక్కటే ఉంది. దాని కింద సంగీతం లేదు.

"నేను నా బిడ్డను ఒక్కనాడు కొట్టలే. ఒక్క చెడ్డ మాట అనలే. గంత మంచి తండ్రినని మురిసిన. ఊకె జర నాలుక చప్పరించిన, అంతే. అయ్యా, అమ్మా, మీ ఇండ్లల్ల సుత పిల్లలున్నరు. మనం విసుక్కుంటం, గడియకు మరిచిపోతం. వాళ్లు మరువరు. మనం పక్కన లేనప్పుడు మన విసుగును వాళ్లే వాళ్ల మీద చూపించుకుంటరు. గెలిచినప్పుడు చప్పట్లు కొట్టేటోళ్లు వెయ్యి మంది ఉంటరు. ఓడినప్పుడు, నొప్పి పుట్టినప్పుడు భయం లేకుంట వచ్చి చెప్పుకునేటందుకు పిల్లలకు ఇంట్ల ఒక్క మనిషన్న ఉండాలె."